మిక్స్‌డ్ బిట్లు: ఏళ్ల తరబడి వాడినవాడి సమీక్ష

మనకు జీకే ఎంత వచ్చో తేల్చుకోవాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపేసిన బిట్లను మించింది నాకు ఇంతవరకు కనిపించలేదు. గ్రూప్స్‌కు చదివే రోజుల్లో మొదలుపెట్టాను, ఉద్యోగం వచ్చాక కూడా మానలేదు. కాజీపేట నుంచి జమ్మికుంటకు రైల్లో పోయి వస్తూ ఫోన్‌లో చేస్తాను. సెలవు రోజు హనుమకొండలో స్నేహితులతో కూర్చుని నోటితో చేస్తాను. ఇంట్లో పిల్లలతో చేయిస్తాను. బిట్ బ్యాంకులు, మోడల్ పేపర్లు, యాప్‌లు అన్నీ వాడాను. మంచీ చెడూ చాలావరకు అన్నిట్లో ఒకటే కాబట్టి ఏదో ఒక పుస్తకం గురించో యాప్ గురించో కాకుండా మొత్తం పద్ధతి గురించే రాస్తున్నాను.

సబ్జెక్టు వారీ బిట్లలో పేజీ పైన శీర్షిక ఉంటుంది. 'కాకతీయులు' అని రాసి ఉన్న పేజీలో మోటుపల్లి అభయ శాసనం ఎవరిది అని అడిగితే, సగం జవాబు ఆ శీర్షికే చెప్పేస్తుంది. అదే ప్రశ్న, రక్తం గడ్డకట్టడానికి ఏ విటమిన్ కావాలి అన్న బిట్‌కూ, జాతీయ గీతం మీద బిట్‌కూ మధ్యలో వచ్చిందనుకోండి. గణపతిదేవుడు, 1244 అన్న రెండు ముక్కలను ఏ ఆసరా లేకుండా మనమే తవ్వి తీయాలి. పరీక్ష హాల్లోనూ అంతే. గ్రూప్-2 మొదటి పేపర్‌లో 150 ప్రశ్నలుంటాయి, ఏ ప్రశ్న నెత్తి మీదా ఇది పాలిటీ, ఇది బయాలజీ అని రాసి ఉండదు.

చదివిందే మళ్లీ మళ్లీ చదవడం కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడమే ఎక్కువ కాలం నిలుస్తుందని అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. విద్యార్థుల చేత ఒక పాఠం చదివించి, కొందరితో దాన్నే మళ్లీ చదివించారు, కొందరికి పరీక్ష పెట్టారు. అయిదు నిమిషాలకు అడిగితే మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే పరీక్ష రాసినవాళ్లు వాళ్లను దాటిపోయారు. హనుమకొండ రూముల్లో రాత్రంతా చదివి, పొద్దున 'అంతా వచ్చేసింది' అనుకునే తమ్ముళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. వచ్చిందనిపించడం వేరు, వారానికి కూడా మిగలడం వేరు.

ఇక మన ప్రాంతం బిట్లు. వరంగల్ వాళ్లకు వరంగల్ మీద ప్రశ్నలు సులువని బయటివాళ్లు అనుకుంటారు. నేను చూసినంతలో మనవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునే మార్కులు అవే. వేయి స్తంభాల గుడినే తీసుకోండి. 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురూ ఉన్న త్రికూటాలయం. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, 1213లో, పాలంపేటలో రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఈయన రాజు కాదు, గణపతిదేవుడి సేనాని. ఇప్పుడు ఆప్షన్లు చూడండి: రుద్రదేవుడు, రేచర్ల రుద్రుడు, గణపతిదేవుడు, రుద్రమదేవి. 'ఎవరు కట్టించారు' అంటే ఒక జవాబు, 'ఎవరి పాలనా కాలంలో' అంటే ఇంకో జవాబు. దీనికి తోడు వేయి స్తంభాల గుడిలోనూ రుద్రేశ్వర స్వామే, 2021 జులైలో రామప్పను యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు రాసిన పేరు కూడా కాకతీయ రుద్రేశ్వర ఆలయమే. రోజూ బస్సులోంచి వేయి స్తంభాల గుడి చూసేవాళ్లు కూడా ఇక్కడ ఆగి ఆలోచించాల్సిందే. పాఠంగా చదివితే ఈ తేడా పట్టదు. నాలుగు పేర్లు పక్కపక్కన పెట్టి అడిగినప్పుడే పడుతుంది.

పుట్టిన ఊళ్ల బిట్లూ ఇలాగే ఉంటాయి. పి.వి. నరసింహారావు స్వగ్రామం వంగర అని అందరికీ తెలుసు, పుట్టింది మాత్రం లక్నేపల్లిలో. కాళోజీ అంటే మనకు హనుమకొండే గుర్తొస్తుంది, పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్లిలో. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9 తెలంగాణ భాషా దినోత్సవం అని చెప్పగలిగినవాళ్లు కూడా పుట్టిన ఊరు అడిగితే తడబడతారు.

చెడు చెప్పాలంటే మొదట ఆప్షన్ల గురించే చెప్పాలి. నాలుగింట్లో ఒకటి గుడ్డిగా గుర్తించినా వంద బిట్లకు పాతిక దాకా తగులుతాయి. అంటే నిజంగా 47 తెలిసినవాడు, మిగిలిన 53ని ఊహించి పెడితే, వాటిలో ఓ 13 తగిలి 60 దగ్గర తేలుతాడు. యాప్ తెర మీద అరవై చూసి సంబరపడతాడు. ఆ పదమూడు మార్కులూ అతనివి కావు. అందుకే ఫోన్‌లో చేసినా పుస్తకంలో చేసినా నేను ఆప్షన్లను చేత్తో మూసేస్తాను. జవాబు ముందు నోటితో అనుకోవాలి, తర్వాతే చేయి తీయాలి. పక్కన చిన్న గుర్తు కూడా పెడతాను: పక్కాగా తెలిసిందా, అనుమానంగా ఉందా, ఊహా. ఈ ఒక్క అలవాటుతో బిట్ల విలువ రెట్టింపు అవుతుందని గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకంటే మనకు బాగా ఉపయోగపడేది 'పక్కా' అని గుర్తు పెట్టి తప్పయిన బిట్టే. అత్యంత వేడి గ్రహం ఏదంటే సూర్యుడికి దగ్గరగా ఉంది కదా అని బుధుడి పేరే చాలామంది నోటికి వస్తుంది. జవాబు శుక్రుడు. దాని చుట్టూ దట్టంగా కమ్మిన కార్బన్ డయాక్సైడ్ వేడిని బయటికి పోనివ్వదు. ఆ కారణంతో సహా ఒకసారి తెలుసుకున్నవాళ్లు మళ్లీ తప్పరు.

పాతబడిన జవాబులు ఇంకా పెద్ద బాధ. హనుమకొండ చౌరస్తాలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఒక బిట్ బ్యాంకు నా దగ్గర ఉంది. తెలంగాణలో జిల్లాలెన్ని అన్న చోట 10 అని అచ్చు. దాన్ని నీలం సిరాతో కొట్టేసి ఎవరో 31 రాశారు. దాన్ని మళ్లీ పెన్సిల్‌తో కొట్టేసి వేరే చేతిరాతలో 33. రాష్ట్రం 2014 జూన్ 2న ఏర్పడ్డప్పుడు 10, 2016 దసరాకు 31, 2019లో ములుగు, నారాయణపేట వచ్చాక 33. మూడు జవాబులూ వాటి వాటి కాలంలో నిజమే. అందుకే ఆ పేజీని ఇంకా దాచుకున్నాను. వరంగల్ అర్బన్, రూరల్ జిల్లాలు 2021లో హనుమకొండ, వరంగల్ అయ్యాయి కాబట్టి ఆ బిట్లూ మారాలి. కేంద్రపాలిత ప్రాంతాలు 7 అని ఇప్పటికీ అచ్చువేసేవాళ్లున్నారు. 2019 అక్టోబర్ 31న 9 అయ్యాయి, 2020 జనవరి 26న దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ కలిసిపోయి 8 అయ్యాయి. ఆకాశంలో లెక్కలు కూడా నిలవవు. శనికి ఒక్క 2025లోనే 128 కొత్త ఉపగ్రహాలను గుర్తించడంతో మొత్తం 274కు చేరాయి. జాతీయ క్రీడ హాకీ అన్న జవాబైతే ఏనాడూ నిజం కాదు. ఏ క్రీడనూ అలా ప్రకటించలేదని 2012లో సమాచార హక్కు దరఖాస్తుకు కేంద్ర క్రీడల శాఖే జవాబిచ్చింది. ఎన్ని, ఎంతమంది, అతి పెద్దది అని మొదలయ్యే ప్రతి బిట్ పక్కన సంవత్సరం రాసుకోండి. సంవత్సరం లేని అంకెను నేను నమ్మను.

యాప్‌లలో ఇంకో లోటు, మన తెలంగాణ మీద ప్రశ్నలు చాలా తక్కువ. దేశమంతటికీ కలిపి చేసిన బిట్లలో చార్మినార్, గోల్కొండ దాటి ఇటు రారు. ఈ లోటు తీరేది నలుగురు కలిసి నోటితో అడుక్కున్నప్పుడే. మా గుంపులో ఒక తమ్ముడున్నాడు, ఒక్క బిట్‌తో వదలడు.

"గోదావరి తెలంగాణల ఏడ అడుగువెడ్తదే?"

"కందకుర్తి, నిజామాబాద్ జిల్ల."

"ఆడ కలిసే నదులు?"

"మంజీర, హరిద్ర."

"మరి కాళేశ్వరం కాడ?"

"ప్రాణహిత."

"ప్రాణహితల ఏమేం కలుస్తయ్? చెప్పు చెప్పు."

వార్ధా, వైన్‌గంగా అనేదాకా ఊరుకోడు. పెన్‌గంగ అంతకుముందే వార్ధాలో కలుస్తుందని ఇంకెవరో అందుకుంటారు. ఏ యాప్ అయినా జవాబు సరైతే పచ్చ రంగు చూపించి తర్వాతి బిట్‌కు పోతుంది. ఇలా ఒక ప్రశ్న తోక పట్టుకుని ఇంకో ప్రశ్న లాగడం మనుషులకే వచ్చు. త్ర్యంబకం నుంచి సముద్రం దాకా 1465 కిలోమీటర్ల గోదావరి ఇలాంటి నాలుగు సాయంత్రాల్లో మనసులో పటంలా నిలబడిపోతుంది.

ఎవరికి పనికొస్తాయి? పుస్తకం కనీసం ఒకసారి చదివినవాళ్లకు. అసలు చదవకుండా బిట్లతోనే మొదలుపెట్టడం దున్నని చెలకలో విత్తనాలు చల్లడమే. గ్రాండ్ టెస్టుకు, అంటే అసలు పరీక్షకు ముందు రాసే పూర్తి నమూనా పరీక్షకు, రెండు మూడు నెలల ముందు నుంచి రోజూ కొంచెం కొంచెంగా చేస్తే చాలు, ఒకేరోజు వందలు చేయక్కర్లేదు. పిల్లలకు మార్కులు వేయకండి, కారణం మాత్రం తప్పకుండా చెప్పండి. డబ్బు విషయానికొస్తే ప్రకటనలు భరించగలిగితే ఉచిత యాప్ చాలు, పుస్తకం కొంటే మాత్రం ఈ ఏడు అచ్చయిందే కొనండి. జవాబుతో పాటు రెండు లైన్ల వివరణ లేని బిట్ బ్యాంకు ఎంత లావుగా ఉన్నా తీసుకోకండి.

ఈ మధ్య మా గుంపులో సొంతంగా చీటీలు రాస్తున్నాం. ఒక వైపు ప్రశ్న, వెనక జవాబు, కారణం, సంవత్సరం. పెంబర్తి ఇత్తడి పని ఏ జిల్లాది, వెండి తీగ పనికి పేరున్న ఊరు ఏది, 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన వరంగల్ మిర్చి రకం ఏది, ఇలాంటివి. జవాబులు జనగామ, కరీంనగర్, చపాట. అట్టపెట్టె సగం నిండింది. సింగరేణి, రామగుండం కరెంటు, మేడారం జాతర మీద చీటీలు ఇంకా రాయాలి.