పోరంకి, కుంచనపల్లి, మొగల్రాజపురం: టేపు పట్టుకుని చూసిన మూడు ఇళ్లు

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడ సింగ్ నగర్‌లో మేం అద్దెకున్న కింది వాటాలోకి బుడమేరు వాగు నీళ్లు వచ్చేశాయి. మా అత్తయ్యకు డెబ్బై ఆరేళ్లు, మోకాళ్లు సహకరించవు. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, మా వారూ పక్కింటి అబ్బాయీ పై వాటాకి మోశారు. అందుకే సొంతిల్లు చూడ్డానికి ఎక్కడికెళ్లినా రేటు కంటే ముందు నీళ్ల సంగతే అడిగాను. అదీ బ్రోకర్‌ని కాదు, వాచ్‌మన్ భార్యని, ఎదురుగా ఇస్త్రీ బండి ఆయన్ని. వాళ్లయితే "ఇదిగోనమ్మా, ఈ మెట్టు దాకా" అని చేత్తో చూపిస్తారు.

పోరంకిలో చూసింది కొత్త గ్రూప్ హౌస్. మూడో అంతస్తు, పడమర ఫేసింగ్, 65 లక్షలు. ఫాల్ సీలింగూ లైట్లూ చూసి మా వారు అక్కడే సరేననబోయారు. 1,250 అడుగులన్నారు కదా, టేపు పెట్టి కొలిస్తే గదుల లెక్క 880 దగ్గర ఆగింది. మిగతాదంతా బాల్కనీ, బయటి గోడలు, మెట్లు, లిఫ్ట్, కారిడార్. ఇళ్లు కొనేవాళ్ల కోసం వచ్చిన రెరా చట్టం చెప్పే కార్పెట్ ఏరియాలో, అంటే ఇంటి లోపల వాడుకునే చోటులో, ఇవేవీ కలవవు. కాబట్టి అగ్రిమెంట్‌లో కార్పెట్ ఏరియా అంకె విడిగా రాయించుకోండి. నాకు అసలు నచ్చనిది వంటిల్లు. కిటికీ తెరిస్తే పక్క అపార్ట్‌మెంట్ గోడ చేతికి అందుతుంది. మిరపకాయల పోపు వేస్తే ఆ ఘాటు పోవడానికి దారి లేదు, హాల్లోకే వస్తుంది. సాయంత్రం ఆరింటికి బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద అక్కడికి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. కానూరు కాలేజీల్లో పనిచేసేవాళ్లకైతే ఈ దూరం ఇబ్బంది కాదు.

కట్టిన తీరులో మాత్రం నా మొదటి మార్కు కుంచనపల్లి ఫ్లాట్‌కే. ప్రతి గదికీ రెండు వైపులా కిటికీలు, వంటింటి వెనక గిన్నెలు తోముకోవడానికి విశాలమైన యుటిలిటీ, కరెంటు పోతే లిఫ్ట్‌కి జనరేటర్. ఆరో అంతస్తులో నిలబడితే ఫ్యాన్ అక్కర్లేదనిపించింది. అత్తయ్య బాల్కనీలోంచి లేవనంటే లేవనన్నారు. కానీ 84 లక్షలు, పైన నెలనెలా మెయింటెనెన్స్. నా స్కూలు సత్యనారాయణపురంలో. కుంచనపల్లి కృష్ణకి అవతలి ఒడ్డున, రోజూ వారధి దాటి వెళ్లి మళ్లీ దాటి రావాలి. గేటు బయట కొత్తిమీర కట్ట కావాలన్నా బండి తీయాల్సిందే. నడవలేని మనిషి అక్కడ పగలంతా ఒక్కతే ఉండిపోతుంది. నా మనసుకి ఒప్పలేదు.

మొగల్రాజపురం ఫ్లాట్ 2003లో కట్టింది. రెండో అంతస్తు, 950 అడుగులు, 52 లక్షలు. అమ్మే ఆయన రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఇక్కడ నీళ్ల భయం లేదుగానీ కొండ భయం ఉంది. బుడమేరు పొంగడానికి ముందు రోజే, ఆగస్టు 31న, మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. ఆ మాట మర్చిపోయి ఈ పేటలో ఇల్లు కొనకూడదు. మా వారూ నేనూ కొండ అంచు దాకా నడిచి వెళ్లి చూశాం. ఈ అపార్ట్‌మెంట్‌కీ అంచుకీ మధ్య మూడు వీధులున్నాయి. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మళ్లీ వెళ్లి పడగ్గది గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. తూర్పు వైపు గది కావడంతో అప్పటికి చల్లబడింది.

లోపాలు లేవని కాదు. బాత్‌రూమ్ సీలింగ్‌కి పై ఫ్లాట్ నుంచి చెమ్మ దిగుతోంది. లిఫ్ట్ ఇరుకు, అత్తయ్య కుర్చీ మడిస్తే తప్ప పట్టదు. అయినా స్థలంలో వాటా 38 గజాలు వస్తోంది, పోరంకిలో 26 గజాలే. పాత బిల్డింగ్ రేపు పడగొట్టి కట్టాల్సి వస్తే మన చేతికి వచ్చేది ఆ గజాలను బట్టే. మందుల షాపూ కూరగాయల బండీ మెట్లు దిగితే ఉన్నాయి. చూడ్డానికి వెళ్లిన రోజే ఎదురు ఫ్లాట్ ఆవిడ అత్తయ్యని లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చింది. అరగంట తర్వాత వెళ్లి చూస్తే ఇద్దరూ ఆవకాయ కొలతల దగ్గర ఉన్నారు.

దీనికే అడ్వాన్స్ ఇచ్చాం. చెమ్మ బాగుచేయించే ఖర్చు కింద అమ్మే ఆయన లక్షన్నర తగ్గించారు. ఈసీ, అంటే ఆస్తి మీద తాకట్లూ లావాదేవీలూ చూపించే సర్టిఫికెట్, తీయించాం. ఒక లింక్ డాక్యుమెంట్, అంటే ఇంతకు ముందు చేతులు మారినప్పటి దస్తావేజు, దాని కాపీ రావాల్సి ఉంది. అది లాయర్ గారి చేతికి వచ్చాకే రిజిస్ట్రేషన్.