రైల్ రోకో రోజుల్లో రైలు టికెట్ రీఫండ్: విశాఖ ప్రయాణికుల కోసం సమీక్ష

దేశమంతా రైళ్లు ఆపిన ఉద్యోగుల సమ్మె 1974 నాటి మాట. ఇప్పుడు మన ప్రయాణాలకు గండి కొట్టేవి రైల్ రోకోలు, బంద్‌లే. చాలాకాలంగా ఐఆర్‌సీటీసీలో (రైల్వే టికెట్లు ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ) టికెట్లు కొంటూ చూస్తే తేలేదేమిటంటే, రైలు పూర్తిగా రద్దయితే రీఫండ్ సాఫీగా వస్తుంది, దారి మళ్లితేనే తలనొప్పి.

రద్దయిన రైలుకి ఈ-టికెట్ ఉంటే మీరు చేయాల్సిందేమీ లేదు. తత్కాల్‌తో సహా ఛార్జీ అంతా కట్టిన ఖాతాకే, మామూలుగా వారంలోపు వచ్చేస్తుంది. కన్వీనియన్స్ ఫీజు మాత్రం రాదు. టీవీలో గొడవ చూసి కంగారుపడి క్యాన్సిల్ నొక్కకండి. రైల్వే ప్రకటించకముందే నొక్కితే అది మీ సొంత రద్దు కింద లెక్క: ఛార్జీలు కోస్తారు, కన్ఫర్మ్ తత్కాల్‌కైతే పైసా రాదు. ముందు రైళ్ల రాకపోకలు చూపే ఎన్‌టీఈఎస్‌లోనో, రైల్వే హెల్ప్‌లైన్ 139లోనో చూసుకోండి. కౌంటర్ టికెట్ అయితే డబ్బు దానంతటది రాదు. బయల్దేరాల్సిన సమయం నుంచి 72 గంటల్లో టికెట్ రిజర్వేషన్ కౌంటర్‌లో ఇవ్వాలి.

అసలు చిక్కు మన ఊరి లైన్‌తోనే. దువ్వాడ నుంచి ఉత్తర సింహాచలం మీదుగా కొత్తవలసకి, విశాఖలోకి రాకుండానే రైలు వెళ్లిపోగలదు. 2022 జూన్ 18న ఆందోళనల వల్ల విశాఖ స్టేషన్ మూసినప్పుడు రైళ్లని అలాగే మళ్లించారు. అప్పుడు రైలు 'నడిచినట్టే', కాబట్టి డబ్బు దానంతటది రాదు. టీడీఆర్, అంటే రీఫండ్ కోరే దరఖాస్తు, వేయాల్సిందే. ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్‌లో మై ట్రాన్సాక్షన్స్‌లోకి వెళ్లి, ఫైల్ టీడీఆర్ నొక్కి, పీఎన్ఆర్, కారణం ఎంచుకోండి. నలుగురిలో ఇద్దరే ఎక్కితే, ఎక్కనివాళ్ల పేర్లకే టిక్ పెట్టండి. మళ్లింపుకి గడువు 72 గంటలు.

ఆలస్యానికి ఆ వెసులుబాటు లేదు. రైలు మీ స్టేషన్ నుంచి కదిలేలోపే టీడీఆర్ పడాలి. పూర్తి రీఫండ్‌కి ఆలస్యం మూడు గంటలు దాటాలి; దాటిందా లేదా అన్నది కూడా మీరెక్కే స్టేషన్‌లోనే చూస్తారు. హౌరాలో నాలుగు గంటలు లేటుగా బయల్దేరిన బండి దారిలో సర్దుకుని విశాఖకి రెండు గంటల యాభై నిమిషాల లేటుతో వచ్చిందా, పూర్తి రీఫండ్ లేనట్టే.

టీడీఆర్ మీద నిర్ణయం రైల్వేది, ఐఆర్‌సీటీసీ పంపేదే తప్ప తేల్చేది కాదు. చార్ట్‌తో సరిచూసి ఇచ్చేసరికి నెలలు పట్టొచ్చు, అదే దీని పెద్ద లోటు. ఏజెంట్ దగ్గర కొన్న టికెట్ డబ్బు ఏజెంట్ ఖాతాకే వెళ్తుంది. రీఫండ్ వేళ మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీని డబ్బు చేతిలో పడ్డాకే ఏజెంట్‌కి చెప్పండి.