లాక్‌డౌన్‌కి ముందు రెండు రోజులు మా సందులో కిరాణా కొట్టు: ఐదుకి మూడున్నర

ఇవాళ మే 4, 2021, మంగళవారం, రాత్రి పది దాటింది. తెల్లారి 5 గంటల నుంచి ఒడిశా అంతా 14 రోజులు లాక్‌డౌన్. బరంపురంలో గేట్ బజార్ వైపు సందులో ఉన్న ఈ కిరాణా కొట్టులో మాకు పదకొండేళ్లుగా ఖాతా ఉంది. ఉప్పూ పప్పూ కొనే చోటికి రివ్యూ ఏంటిలే అనుకునేదాన్ని. ఈ రెండు రోజులు చూశాక రాయాలనిపించింది, కాస్త కోపంతో కూడా.

శని, ఆదివారాలు ఎలాగూ షట్‌డౌన్ కదా, కొట్లన్నీ మూసి ఉన్నాయి, సరిగ్గా ఆ ఆదివారమే లాక్‌డౌన్ కబురు చెప్పారు. ఇంకేముంది, సోమవారం పొద్దున్నే ఊరంతా సంచులు పట్టుకుని రోడ్డు మీదే. నేను ఏడింటికి వెళ్తే నా ముందు నలభై మందికి తక్కువ లేరు. పోయినేడు పెయింటుతో వేసిన గుండ్రాలు సగం చెరిగిపోయి ఉన్నాయి, వాటిలో ఎవరూ నిలబడటం లేదు, చెప్పేవాళ్లు కూడా లేరు. దీనికి అర మార్కు తీసేశాను.

పోయినేడు మార్చిలో ఇదే చోట నిలబడినప్పుడు భయం ఉన్నా ఒక రకం హుషారు కూడా ఉండేది, ఒప్పుకోవాలి. జనం మైదా, బేకింగ్ పౌడర్, కాఫీ పొడి, పేకముక్కలు కొన్నారు. 21 రోజులేగా అనుకున్నాం, తర్వాత దేశంలో అందరికంటే ముందు పొడిగించింది మన ఒడిశానే. అందుకే ఈసారి 14 రోజులంటే వరసలో ఒక్కరూ నమ్మలేదు, అందరి చీటీల్లోనూ నెల సరుకులే. మైదా అడిగినవాళ్లు లేరు. అడిగిందల్లా కర్పూరం, వాము, లవంగాలు. మూట కట్టి వాసన పీలిస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్‌లో తిరుగుతోందిగా, అందుకు. పెరగదు. మా ఆయన పనిచేసేది మందుల షాపులోనే, ఇంట్లో రోజూ చెబుతూనే ఉన్నారు. అయినా మా అత్తగారి మనశ్శాంతి కోసం నేనూ ఒక డబ్బా అడిగాను, అప్పటికే అయిపోయింది.

నా ముందున్నావిడ ఫోన్‌లో ఎం.కె.సి.జి. పెద్దాసుపత్రిలో బెడ్ దొరికిందా లేదా అని ఎవరినో అడుగుతోంది, గొంతు వణుకుతోంది. ఆవిడ ఫోన్ పెట్టేసేసరికి చుట్టూ ఖాళీ. నేనూ రెండడుగులు వెనక్కి జరిగాను. పోయినేడు ఇలా లేదు. అప్పుడు జబ్బు సూరత్ నుంచి శ్రామిక్ రైళ్లలో వస్తుందని, పంచాయతీ స్కూళ్లలో క్వారంటైన్‌లో ఉన్నవాళ్లదని, మనది కాదని అనుకున్నాం. ఇప్పుడు మా వరసలోనే మూడిళ్లలో ఉంది.

సరే, కొట్టు సంగతి. యజమానిని అందరం మావయ్య అనే పిలుస్తాం. ఇంటికి రెండు నూనె ప్యాకెట్లు, రెండు కిలోల కందిపప్పు, అంతకు మించి ఇవ్వనని గల్లాపెట్టె దగ్గరే కూర్చుని ఖరాఖండిగా చెప్పేశాడు. నేను ఐదు ప్యాకెట్లు తీసి పెట్టుకుంటే, "ఏటమ్మా, ఇంట్లో పెళ్లా?" అని మూడు వెనక్కి లాక్కున్నాడు. పదకొండేళ్ల ఖాతా, అంతమంది ముందు! ముఖం మాడిపోయింది. "ఎప్పుడూ నీ దగ్గరే కొంటాం కదా మావయ్యా" అంటే, "మరి నీ ఎనకున్నోళ్లకి ఏటి ఇవ్వమంటావు?" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర. ఇంటికొచ్చి రెండు గంటలు తిట్టుకున్నాను, మా తోడికోడలు పదకొండింటికి వెళ్లి కూడా రెండు ప్యాకెట్లు తెచ్చుకుంటే అప్పుడు చల్లబడ్డాను. రేటు కూడా ప్యాకెట్ మీద వేసిందే తీసుకున్నాడు. ఆ వేసిందే ఈమధ్య మండిపోతోంది, అది ఆయన తప్పు కాదు. రెండు సందుల అవతల ఇంకో కొట్టులో దానికంటే ఎక్కువ గుంజారు, రసీదు అడిగితే సరుకు లేదన్నారట.

ఆ రోజంతట్లో నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఖాతా పుస్తకం. మా వీధిలో అప్పడాలు ఒత్తి అమ్మే వదిన ఒకావిడ ఉంది. పెళ్లిళ్ల సీజన్ ఆర్డర్లు పోయాయి, పోయిన లాక్‌డౌన్ బాకీయే ఇంకా తీరలేదు. సిగ్గుపడి కొట్టు మెట్లెక్కకుండా అవతలే నిలబడింది. మావయ్య చూసి కుర్రాడితో బియ్యం, పప్పు, ఉప్పు పంపించి, పాత లెక్క కింద గీత కొట్టి కొత్తగా రాసుకున్నాడు, ఒక్క మాట అనలేదు. కానీ అదే రోజు, ఈమధ్యే అద్దెకు దిగిన ఆటో అతను అప్పు అడిగితే మొహం మీదే లేదన్నాడు. అదీ చూశాను. అడిగితే, పోయినేడు అలా ఇచ్చిందే సగం రాలేదంటాడు. నిజమే కావచ్చు, ఆ ఆటో అతని ముఖం చూస్తే మాత్రం నాకు నచ్చలేదు. దానికి ఇంకో అర.

ఇక హోమ్ డెలివరీ, దీనికి మరో అర మార్కు పోయింది. లిస్టు వాట్సాప్‌లో పంపమంటారు, సంచులు కట్టే కుర్రాడికి తెలుగు చదవడం రాదు. ఎవరో చదివి చెబుతారు, వాడికి తోచింది వాడు కడతాడు. బొంబాయి రవ్వ రెండు కిలోలు రాస్తే ఇడ్లీ రవ్వ మూడు కిలోలు వచ్చింది. మార్చమంటే లాక్‌డౌన్ అయ్యాక చూద్దాం అన్నారు. కాబట్టి మీరు పంపేటప్పుడు మినప్పప్పుకి బిరి, కందిపప్పుకి హరడ, వాముకి జువాణీ, బొంబాయి రవ్వకి సుజీ అని ఒరియాలో రాయించి పంపండి, బతికిపోతారు.

రేపటి నుంచి ఇంటికి 500 మీటర్ల లోపు, మధ్యాహ్నం 12 దాకానే కొనుక్కోవాలి. సరిహద్దు అవతల ఆంధ్రాలో, ఇచ్ఛాపురంలో ఉన్న మా చెల్లికి ఫోన్ చేస్తే, అక్కడా రేపటి నుంచే 12 తర్వాత కర్ఫ్యూ అంటోంది. పోయినసారి సరిహద్దు దగ్గర గిరిసోల చెక్ గేట్ అవతలా ఇవతలా నిలబడి మామిడికాయల సంచీ అందించుకున్నాం, ఈసారి అది కూడా వద్దులే అక్కా అంది. ఆవకాయ ఎవరికి వాళ్లమే పెట్టుకుంటాం, నాకు కారం రేపు ఈ కొట్టులోనే దొరకాలి.

కొట్టు ఏడింటికి తీస్తారు. ఎనిమిదిలోపు వెళ్లండి, చిల్లర తీసుకెళ్లండి. కర్పూరం శుక్రవారం దాకా రాదట, అడిగి తిట్లు తినకండి. ఇడ్లీ రవ్వ ఎవరికైనా కావాలంటే మా ఇంట్లో ఉంది.