బ్రిటన్‌లో మన గోడు ఎంపీ దాకా చేర్చే రెండు వెబ్‌సైట్లు: ఏది ఎందుకు పనికొస్తుంది?

2025 మే 12న బ్రిటన్ ప్రభుత్వం వలస విధానంపై శ్వేతపత్రం విడుదల చేసింది. ఐఎల్‌ఆర్, అంటే శాశ్వత నివాస హక్కు కోసం స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారు అయిదేళ్లకు బదులు పదేళ్లు ఆగాలన్న ప్రతిపాదన అందులో ఉందని తెలియగానే, ఇక్కడి తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో పార్లమెంటు పిటిషన్ లింకు ఒకటి తిరగడం మొదలైంది. దాని మీద సంతకం పెట్టినవారిలో చాలామంది తమ వంతు అయిపోయిందనే అనుకున్నారు. ఆ పిటిషన్ వెబ్‌సైటునూ, సొంత ఎంపీకి నేరుగా ఉత్తరం పంపడానికి వీలు కల్పించే ‘రైట్ టు దెమ్’ అనే మరో వెబ్‌సైటునూ రెండింటినీ వాడిన మీదట, ఏది ఎంతవరకు పనికొస్తుందో సాటి తెలుగువారికి వివరంగా చెప్పాలనిపించి ఈ సమీక్ష రాస్తున్నాను.

పార్లమెంటు పిటిషన్ వెబ్‌సైటు ఇప్పటి రూపంలో 2015 నుంచి నడుస్తోంది. దీన్ని పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభకు చెందిన పిటిషన్ల కమిటీ చూసుకుంటుంది. బ్రిటిష్ పౌరులే కాక ఈ దేశంలో నివసించేవారెవరైనా, అంటే వీసా మీద ఉన్న మనవాళ్లు కూడా, ఇందులో పిటిషన్ వేయవచ్చు, సంతకం చేయవచ్చు. వాడకం చాలా తేలిక. పేరు, ఈమెయిల్, పోస్ట్‌కోడ్ ఇచ్చి, మనకు వచ్చే ఈమెయిల్‌లోని లింకును నొక్కితే సంతకం నమోదవుతుంది. ఆ లింకు నొక్కకపోతే సంతకం లెక్కలోకి రాదన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. సంతకం చేస్తే వీసాకు ఏమైనా ఇబ్బంది వస్తుందేమోనని భయపడేవారు నాకు చాలామంది తెలుసు. వెబ్‌సైటులో పిటిషన్ వేసినవారి పేరు మాత్రమే కనిపిస్తుంది, సంతకాలు చేసినవారి పేర్లు బయటపెట్టరు. ఏ నియోజకవర్గం నుంచి ఎన్ని సంతకాలు వచ్చాయో చూపించే పటం ఒకటి ఉంటుంది. తన నియోజకవర్గంలో ఎంతమంది ఈ విషయాన్ని పట్టించుకుంటున్నారో ఎంపీ ఒక్క చూపులో తెలుసుకోగలిగే ఈ పటమే, నా దృష్టిలో, ఈ వెబ్‌సైటులోని అన్నిటికన్నా విలువైన భాగం.

పిటిషన్ ఆరు నెలలపాటు తెరిచి ఉంటుంది. సంతకాలు 10,000 దాటితే ప్రభుత్వం రాతపూర్వకంగా సమాధానం ఇస్తుంది. 1,00,000 దాటితే చర్చకు పెట్టే విషయాన్ని కమిటీ పరిశీలిస్తుంది. ఐఎల్‌ఆర్ పిటిషన్ ఈ రెండు మెట్లూ ఎక్కింది. ఇప్పటికే ఇక్కడ స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారికి పదేళ్ల నిబంధన వర్తింపజేయవద్దన్న ఆ విన్నపంపైనా, ఒకప్పటి బ్రిటిష్ వలస ప్రాంతమైన హాంకాంగ్ నుంచి బీఎన్‌ఓ (బ్రిటిష్ నేషనల్ ఓవర్సీస్) వీసా మీద వచ్చినవారి విన్నపంపైనా 2025 సెప్టెంబరు 8న పార్లమెంటులోని వెస్ట్‌మినిస్టర్ హాల్ అనే చర్చా వేదికలో కలిపి చర్చ జరిగింది.

అయితే అక్కడ జరిగే చర్చ చట్టాన్ని మార్చదు. ఎంపీలు మాట్లాడతారు, మంత్రి జవాబు చెబుతారు, అది రికార్డులో ఉంటుంది. బ్రెగ్జిట్‌ను రద్దు చేయాలంటూ 2019లో వేసిన పిటిషన్‌కు 60 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఆ ఏడాది ఏప్రిల్ 1న దానిపై చర్చ జరిగినా ప్రభుత్వం తన దారి మార్చుకోలేదు. భారత రైతుల ఆందోళనపైన, పత్రికా స్వేచ్ఛపైన వేసిన పిటిషన్ లక్ష దాటినందువల్ల 2021 మార్చి 8న అదే వేదిక మీద చర్చ జరగగా, లండన్‌లోని భారత హైకమిషన్ దానిపై బహిరంగంగా అసంతృప్తి వ్యక్తం చేసింది. ఒక విషయాన్ని అందరి నోళ్లలో నానేలా చేయడంలో ఈ వెబ్‌సైటుకు తిరుగులేదు. నిర్ణయాన్ని మార్పించడం దీని ఒక్కదానివల్ల అయ్యే పని కాదు. పైగా 10,000 సంతకాలకు వచ్చే ప్రభుత్వ సమాధానాల్లో చాలావరకు ఉన్న విధానాన్నే మరోసారి వివరిస్తూ సాగుతాయి. ఎంతో ఆశతో ఎదురుచూసినవారికి అవి నీరసం తెప్పిస్తాయి.

ఇక రెండో వెబ్‌సైటు ‘రైట్ టు దెమ్’. మైసొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ దీన్ని ఉచితంగా నడుపుతోంది. పోస్ట్‌కోడ్ టైప్ చేయగానే మన ప్రాంతపు కౌన్సిలర్ల నుంచి ఎంపీ వరకు మనకు ప్రాతినిధ్యం వహించే వారందరి పేర్లూ వరుసగా కనిపిస్తాయి. స్కాట్లాండ్‌లోనో వేల్స్‌లోనో ఉండేవారికి అక్కడి చట్టసభ సభ్యుల పేర్లు కూడా వస్తాయి. స్కాట్లాండ్‌లో ఆసుపత్రులు, బడులు వంటివి ఎడిన్‌బరోలోని పార్లమెంటు పరిధిలో ఉంటాయి కాబట్టి ఆ విషయాలపై లండన్‌లో కూర్చునే ఎంపీకి రాసి కాలం వృథా చేసుకునే ఇబ్బంది ఈ జాబితావల్ల తప్పుతుంది. వీసాల విషయం మాత్రం దేశమంతటికీ లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ పార్లమెంటుదే. ఉత్తరం రాసి, ఈమెయిల్‌లో వచ్చిన లింకు ద్వారా ధ్రువీకరిస్తే అది ఎంపీ కార్యాలయానికి చేరుతుంది. జవాబు వచ్చిందా లేదా అని కొన్నాళ్ల తరువాత వెబ్‌సైటువాళ్లే మనల్ని అడుగుతారు.

ఈ వెబ్‌సైటులో నాకు బాగా నచ్చిన నియమం మనవాళ్లలో చాలామందికి చిరాకు తెప్పించేది: ఒకే నమూనా ఉత్తరాన్ని పదిమంది కాపీ చేసి పంపడాన్ని ఇది ఒప్పుకోదు. గ్రూపులో ఎవరో రాసి పెట్టిన ఉత్తరానికి కింద పేరు మార్చి పంపేస్తే ఎంపీ కార్యాలయంలో అది గుంపులో గోవిందా అయిపోతుంది. అదే మన మాటల్లో రాస్తే, పిల్ల ఏ తరగతి చదువుతోందో, ఇల్లు కొనే ప్రయత్నం ఎందుకు ఆగిపోయిందో, ఏ ఆసుపత్రిలో ఏ షిఫ్టు చేస్తున్నామో ఒక పేజీలో చెబితే, దాన్ని పక్కన పెట్టడం అంత తేలిక కాదు. ఉత్తరంలో పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్ తప్పకుండా ఉండాలి. ఇక్కడి ఆనవాయితీ ప్రకారం ఎంపీలు తమ నియోజకవర్గంవారి ఉత్తరాలనే పట్టించుకుంటారు. చివర్లో ఒకే ఒక్క స్పష్టమైన కోరిక ఉండాలి. నేను అయితే, “ఈ విషయాన్ని హోం శాఖ మంత్రికి రాసి, వారిచ్చిన జవాబును నాకు పంపగలరు” అని రాయమంటాను. ఎంపీ లేఖకు మంత్రిత్వ శాఖ జవాబు చెప్పడం ఇక్కడి పద్ధతి కాబట్టి, మన ప్రశ్న ఆ మార్గంలో శాఖ బల్ల మీదకు చేరుతుంది. జవాబు రావడానికి వారాలు పట్టవచ్చు. రాకపోతే మర్యాదగా మళ్లీ గుర్తుచేయాలి.

ఐఎల్‌ఆర్ విషయంలో ఫలితం మిశ్రమంగానే ఉంది. 2025 నవంబరు 20న ప్రభుత్వం ప్రకటించిన ప్రతిపాదనల్లో బీఎన్‌ఓ వీసావారికి అయిదేళ్ల మార్గాన్ని అలాగే ఉంచారు. ఇప్పటికే దేశంలో ఉన్న స్కిల్డ్ వర్కర్లను మాత్రం కొత్త నిబంధనల నుంచి మినహాయించలేదు. పదేళ్లు, కొందరు సంరక్షణ ఉద్యోగులకు పదిహేనేళ్లు అన్న ఆ ప్రతిపాదనలపై 2026 ఫిబ్రవరి 12 వరకు ప్రజాభిప్రాయం తీసుకున్నారు. హాంకాంగ్‌వారి విషయంలో చారిత్రక బాధ్యత అనే వాదన ఉంది, అది మనకు లేదు. అందువల్ల సంతకాల సంఖ్య పెరిగినంత మాత్రాన అదే ఫలితం వస్తుందని నేను అనుకోవడం లేదు.

పిటిషన్ వెబ్‌సైటుకు అయిదింటికి మూడున్నర, ‘రైట్ టు దెమ్’కు నాలుగున్నర మార్కులు ఇస్తాను. అర మార్కు తగ్గించింది, వీసా మీద ఉన్నవారు కూడా నిస్సంకోచంగా ఎంపీకి రాయవచ్చని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో చెప్పి ఉంటే బాగుండేదన్న కోరికతో. మనవాళ్లలో సగం వెనకడుగు ఆ సందేహం వల్లనే. నిజానికి మనకున్న హక్కు అంతకన్నా పెద్దది. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు కూడా కాబట్టి, చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తున్నవారు బ్రిటిష్ పాస్‌పోర్టు లేకపోయినా ఓటరుగా నమోదై పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. ఇంకా నమోదు కానివారు ముందు ఆ పని చేసి, తరువాత ఉత్తరం రాయండి. ‘నేను మీ నియోజకవర్గపు ఓటరును’ అన్న వాక్యాన్ని మొదటి పేరాలోనే పెట్టండి. ఉత్తరం కన్నా ముఖాముఖి నయమనుకునేవారి కోసం చాలామంది ఎంపీలు శుక్ర, శనివారాల్లో నియోజకవర్గంలో ప్రజలను కలుస్తారు. ఎంపీ కార్యాలయానికి ఫోను చేసి ముందే సమయం తీసుకుని, వీసా కాగితాల నకళ్లు వెంట పెట్టుకుని వెళ్లండి.