కర్ల్ నేర్చుకోవాలా, డబ్ల్యూగెట్టా?

అనంతపురంలో జేఎన్‌టీయూ చుట్టుపక్కల రూముల్లో ఉండి కోడింగ్ నేర్చుకునే పిల్లలకు ముందుగా వచ్చే అనుమానం ఇదే. రెండూ కమాండ్ టైపు చేసి నెట్ నుంచి ఫైళ్లు, డేటా తెచ్చుకునే టూల్సే (curl, wget).

పెద్ద ఫైలు దించుకోవడమే పనైతే డబ్ల్యూగెట్. 1996 నాటిది. లింకు ఇస్తే చాలు, ఫైలుగా దాచేస్తుంది. మధ్యలో కరెంటు పోయి వైఫై ఆగినా, హైఫన్ సి పెట్టి మళ్లీ నడిపితే ఆగినచోటి నుంచే అందుకుంటుంది, సర్వర్ ఒప్పుకుంటే. లింకుల వెంట పోయి సైటంతా దించడమూ దీనికి వచ్చు, అది కర్ల్ వల్ల కాదు.

ఏపీఐలతో (ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంతో మాట్లాడే దారులు) కుస్తీ పట్టేవాళ్లకు మాత్రం నా ఓటు కర్ల్‌కే. జవాబును నేరుగా స్క్రీన్ మీదే చూపిస్తుంది. హైఫన్ డి తో డేటా ఇస్తే పోస్ట్ రిక్వెస్ట్ (సర్వర్‌కు డేటా పంపేది) అవుతుంది. హైఫన్ వి పెడితే సురక్షిత కనెక్షన్ కుదుర్చుకునే టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్ నుంచి వెళ్లిన, వచ్చిన హెడర్ల (సందేశంతో పాటు పోయే వివరాలు) దాకా అంతా బయటపడుతుంది. ఏపీఐ 401 (నువ్వెవరో తేలలేదు) అంటోందా? మన టోకెన్, అంటే రహస్య తాళంచెవిని మోసే ఆథరైజేషన్ హెడర్ అసలు వెళ్లిందో లేదో అక్కడే తేలిపోతుంది. (ఆ అవుట్‌పుట్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు టోకెన్ చెరిపేయండప్పా!) ఒక్కటే చిరాకు: 301 (పేజీ వేరే చిరునామాకు మారిందనే జవాబు) వస్తే తనంతట తాను ముందుకు పోదు, హైఫన్ పక్కన పెద్ద ఎల్ కొట్టాల్సిందే. డబ్ల్యూగెట్ చెప్పకుండానే పోతుంది.

మ్యాక్‌లో, ఇప్పటి విండోస్‌లో కర్ల్ ముందే ఉంటుంది. డబ్ల్యూగెట్ మనమే వేసుకోవాలి. విండోస్‌లో కమాండ్లు కొట్టే పాత పవర్‌షెల్‌లో మాత్రం కర్ల్ డాట్ ఈఎక్స్‌ఈ అని పూర్తిగా కొట్టండి, లేదంటే వేరే కమాండ్ నడుస్తుంది.