జాగ్రత్త: ఇంటర్నెట్ ఉన్నా లేదని మొండికేసే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌ను డబ్బు పెట్టి కొనకండి

పర్లాకిమిడిలోనూ, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపునా చిన్న వ్యాపారాలు, లెక్కల పనులు చేసుకుంటున్న తెలుగువారి కోసం ఈ హెచ్చరిక రాస్తున్నాను. ఇంటర్నెట్ చక్కగా నడుస్తున్నా "నెట్‌వర్క్ లేదు" అని తనంతట తానే తీర్మానించుకొని, మనం పంపిన ఉత్తరాలను అవుట్‌బాక్స్‌లోనే ఆపివేసే ఒక ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌ను ఒక సంవత్సరానికి 3,200 రూపాయలు చెల్లించి కొన్నాను. నష్టపోయినవాడిని నేనొక్కడినే అయితే ఇంత వివరంగా రాసేవాడిని కాదు. నన్ను నమ్మి లెక్కలు అప్పగించిన ముగ్గురు వ్యాపారులు కూడా దీనివల్ల నష్టపోయారు.

నేను 14 మంది వ్యాపారులకు జీఎస్‌టీ లెక్కలు చూస్తాను. వారిలో ఎక్కువ మందిది జీడిపిక్కల వ్యాపారం. ఇక్కడ తూచిన సరుకు పాతపట్నం దాటి పలాస చేరేసరికి రాష్ట్రం మారిపోతుంది. జీఎస్‌టీలో ఒడిశా కోడ్ 21, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37 కాబట్టి ఆ అమ్మకం ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై వేసే పన్ను) కిందికి వస్తుంది. ఏ బిల్లు సరిహద్దు ఇవతలిదో, ఏది అవతలిదో ఒక్కచోట పొరబడినా పన్ను తప్పు ఖాతాలో పడుతుంది. అందుకే ప్రతి నెలా జీఎస్‌టీఆర్-3బీ (అమ్మకాలు, పన్నుల సారాంశం చూపే రిటర్ను) దాఖలు చేయడానికి ముందు లెక్కను వ్యాపారికి ఈమెయిల్‌లో పంపి, ఆయన చూసి సరేనన్న తరువాతే ముందుకు వెళ్తాను. నెలనెలా దాఖలు చేసేవారికి దానికి గడువు 20వ తేదీ.

మే నెల 19వ తేదీ మధ్యాహ్నానికి 11 మంది లెక్కలు పంపించాను. అవి చేరాయి. నాలుగు గంటల ప్రాంతంలో ఈదురుగాలి లేచి కరెంటు పోయింది. రౌటరు ఆగిపోవడంతో ల్యాప్‌టాప్‌కు ఫోను తగిలించి, దాని డేటాతో పని సాగించాను. సరిహద్దు పక్కన ఉండేవారికి తెలిసిన విషయమే, ఇక్కడ ఫోను ఒకసారి ఒడిశా టవరును, మరొకసారి ఆంధ్రా టవరును పట్టుకుంటుంది. ఆ మార్పిడిలో డేటా కొన్ని క్షణాలు నిలిచిపోయి తిరిగి వస్తుంది. మిగిలిన ముగ్గురి లెక్కలూ ఆ సమయంలోనే పంపాను. బ్రౌజరులో జీఎస్‌టీ పోర్టల్ తెరుచుకుంటూనే ఉంది కాబట్టి ఉత్తరాలు వెళ్లలేదన్న అనుమానమే నాకు రాలేదు. తెర మీద ఆ సాఫ్ట్‌వేర్ కిటికీ అడుగున, బూడిద రంగు చిన్న అక్షరాలతో "ఆఫ్‌లైన్" అన్న మాట ఒకటి కనిపిస్తున్నదని మరునాటి రాత్రి గాని గమనించలేదు. గంట మోగలేదు, హెచ్చరిక పెట్టె రాలేదు.

ఆ సాఫ్ట్‌వేర్ ఉత్తరాలు పంపడమే కాదు, తీసుకురావడం కూడా మానేసింది. 20వ తేదీ పగలంతా ముగ్గురి జవాబుల కోసం ఎదురుచూస్తూ, వారే ఆలస్యం చేస్తున్నారని అనుకున్నాను. రాత్రి తొమ్మిది దాటాక ఒకరికి ఫోను చేస్తే, "మాస్టారూ, మీ దగ్గర్నుంచి ఏటీ రాలేదండి" అన్నారు. మిగిలిన ఇద్దరిదీ అదే మాట. సాఫ్ట్‌వేర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరిచిన మరుక్షణం ఉత్తరాలు మూడూ వెళ్లిపోయాయి. అప్పటికి వేళ మించిపోయింది. ముగ్గురి రిటర్నులూ 21న దాఖలయ్యాయి. ఆలస్య రుసుము ఒక్కో రిటర్నుకు రోజుకు 50 రూపాయలు, కట్టవలసిన పన్నుపై ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. మొత్తం పెద్దది కాదు, దానిని నేనే భరించాను. కానీ వారిలో ఒకరు 2017 జూలైలో జీఎస్‌టీ మొదలైన నాటి నుంచి ఒక్కసారి కూడా ఆలస్య రుసుము కట్టనివారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది. విండోస్‌లో విస్టా కాలం నుంచీ ఇంటర్నెట్ ఉందా లేదా అని పరీక్షించే ఏర్పాటు ఒకటి ఉంది. కంప్యూటర్ ఏదైనా నెట్‌వర్క్‌కు తగులుకోగానే అది మైక్రోసాఫ్ట్ వారి ఒక చిరునామాకు వెళ్లి, అక్కడ ఉంచిన చిన్న ఫైలును చదువుతుంది. విండోస్ 10, 11లలో ఆ ఫైలులో "మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్" అన్న మూడు మాటలే ఉంటాయి. అవి ఉన్నవి ఉన్నట్టు తిరిగి వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు విండోస్ నమోదు చేసుకుంటుంది. ఇది ఒక అంచనా మాత్రమే. ఆ ఒక్క చిరునామా అందనంత మాత్రాన మన ఈమెయిల్ సర్వరు కూడా అందదని అర్థం కాదు. నేను కొన్న సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ అంచనానే తిరుగులేని తీర్పుగా తీసుకుంటుంది. ఫోను టవరు మారిన క్షణంలో విండోస్ "లేదు" అన్నది. కాసేపటికే తన మాట మార్చుకున్నది. కానీ ఈ సాఫ్ట్‌వేర్ రెండోసారి అడగనే లేదు. తరువాత కావాలనే ఫోను డేటా ఆపి, తిరిగి పెట్టి ఐదుసార్లు పరీక్షించాను. ఐదింట నాలుగుసార్లు అది మళ్లీ తెరిచేవరకు ఆఫ్‌లైన్‌లోనే ఉండిపోయింది.

గుణుపురంలో మందుల దుకాణం నడిపే మా బావగారు కూడా నా మాట మీద ఇదే సాఫ్ట్‌వేర్ కొన్నారు. ఆయన కంప్యూటర్‌లో ఇది మొదటి రోజు నుంచీ ఒక్క ఉత్తరం కూడా పంపలేదు. అక్కడి కారణం వేరు. కంప్యూటర్‌ను శుభ్రం చేస్తానని వచ్చిన కుర్రవాడు ఒక ఉచిత ప్రోగ్రామ్‌ను ఎక్కించాడు. కంపెనీలకు సమాచారం చేరకుండా చూస్తానని చెప్పుకొనే ఆ ప్రోగ్రామ్, ఏ చిరునామా ఎక్కడికి వెళ్లాలో చెప్పే హోస్ట్స్ అనే ఫైలులో వరుసగా చిరునామాలను అడ్డగిస్తూ, వాటితో పాటు ఈ పరీక్ష చిరునామాను కూడా అడ్డగించింది. ఆ పంక్తిని తీసివేసి కంప్యూటర్‌ను తిరిగి ప్రారంభించాక ఉత్తరాలు కదిలాయి. అక్కడ తప్పులో కొంత భాగం ఆ ప్రోగ్రామ్‌దేనని ఒప్పుకోవాలి. అయినా డబ్బు తీసుకున్న ఈమెయిల్ సాఫ్ట్‌వేర్ ఒక్కసారి నేరుగా సర్వరును పలకరించి చూసి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేదే కాదు.

విశాఖపట్నంలో దానిని అమ్మిన దుకాణం వారు, లోపం మా ఇంటర్నెట్‌దేనని చెప్పి చేతులు దులుపుకున్నారు. తయారు చేసిన కంపెనీ సహాయ విభాగం వారు విండోస్‌నే తీసివేసి మళ్లీ ఎక్కించమన్నారు. ఆఫ్‌లైన్ నుంచి బయటకు రావడానికి ఒక మీట ఎందుకు పెట్టలేదని మూడుసార్లు రాసి అడిగినా జవాబు రాలేదు. అలాంటి మీట పెట్టడం అసాధ్యమేమీ కాదు. వేరే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్లను చూస్తే, క్లాసిక్ ఔట్‌లుక్‌లో "వర్క్ ఆఫ్‌లైన్" అన్న మీట ఉంది, థండర్‌బర్డ్‌లో అడుగున ఎడమ మూలనున్న చిన్న గుర్తును నొక్కి ఆన్‌లైన్‌కు రావచ్చు, లినక్స్‌లో ఎవల్యూషన్‌కు నెట్‌వర్క్ స్థితిని పట్టించుకోవద్దని ఆజ్ఞ ఇచ్చే వీలుంది. ఈ అంచనాలు తప్పవచ్చునన్న సంగతి కొత్తదీ కాదు. 2020 ఫిబ్రవరి చివర వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ తరువాత, ప్రాక్సీ, వీపీఎన్ (మధ్యలో మరో సర్వరు ద్వారా ఇంటర్నెట్‌కు వెళ్లే పద్ధతులు) వాడే కంప్యూటర్లలో ఇంటర్నెట్ ఉన్నా లేదని చూపించే లోపం బయటపడింది; లాక్‌డౌన్‌లో ఇళ్ల నుంచి పని చేస్తున్నవారు ఇబ్బంది పడ్డారు; మైక్రోసాఫ్ట్ మార్చి 30న ప్రత్యేకంగా సవరణ విడుదల చేసింది. అంతటి అనుభవం అందరి ఎదుటా ఉండగా, తప్పించుకునే దారి లేని సాఫ్ట్‌వేర్‌ను 2020 తరువాత కూడా డబ్బుకు అమ్మడం నా దృష్టిలో క్షమించరానిది.

కాబట్టి ఏ ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌నైనా డబ్బు కట్టేముందు మీ సొంత కంప్యూటర్‌లో, మీ సొంత కనెక్షన్ మీద కనీసం వారం రోజులు ఉచితంగా వాడి చూడండి. ఆ వారంలో ఒకసారి రౌటరును ఆపి ఫోను డేటాకు మారండి, ఒకసారి ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చి లేపండి, ప్రతిసారీ మీకు మీరే ఒక ఉత్తరం పంపుకొని అది నిజంగా చేరిందో లేదో ఫోనులో చూసుకోండి. ఉచిత పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో కొనకండి. ఖాతాను ఐమాప్ పద్ధతిలోనే పెట్టించుకోండి. అప్పుడు ఉత్తరాలు సర్వరులోనే ఉంటాయి కనుక సాఫ్ట్‌వేర్ మొరాయించినా బ్రౌజరులో తెరిచి పని జరుపుకోవచ్చు. గడువు ఉన్న ఉత్తరమైతే అది "పంపినవి" పెట్టెలోకి చేరేవరకు కుర్చీలోంచి లేవకండి.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవారు బిల్లు, ఆఫ్‌లైన్ అని చూపించే తెర చిత్రం, కంపెనీతో నడిపిన ఉత్తరాలు జాగ్రత్త చేయండి. 1915 నంబరుకు ఫోను చేస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం వారు ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, దుకాణం ఆంధ్రాలో ఉన్నా మనం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, విశాఖపట్నం తిరగనక్కరలేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు అయితే కమిషన్‌కు రుసుము కూడా లేదు. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారని ఎదుటివారు వాదిస్తారు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్నవారికి చట్టంలో మినహాయింపు ఉన్నదని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయండి. నా ఫిర్యాదులో నేను రాసింది అదే. బావగారి బిల్లును కూడా దానికి జతచేశాను.