ఎనిమిదేళ్లు వాడిన టార్క్ రెంచ్: ప్రొపెల్లర్ బోల్టుల దగ్గర దాని పనితనం

నా టార్క్ రెంచ్ (బోల్టుని ఎంత బలంతో తిప్పాలో అంకె పెట్టుకుని బిగించే పానా) పిడి మీద గరుకు గీతలు ఒక్కచోటే అరిగిపోయాయి, సరిగ్గా అరచెయ్యి వెడల్పున. ఎప్పుడు పట్టుకున్నా చెయ్యి పిడి మధ్యలోనే పడాలి కాబట్టి అరిగినా అక్కడే అరిగింది. 2017లో రాణిగంజ్‌లో కొన్నాను. హాఫ్ ఇంచ్ డ్రైవ్, క్లిక్ టైప్ (పెట్టిన అంకె చేరగానే టక్‌మనే రకం), 20 నుంచి 150 ఫుట్ పౌండ్ల దాకా. తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ని, కొలిచేది ఆ ఫుట్ పౌండ్లలోనే. బేగంపేటలో శిక్షణ విమానాల మెయింటెనెన్స్ నా పని. ఎక్కువగా సెస్నా 152లు, 172లు. ఈ రెంచ్‌తో ఎన్ని ప్రొపెల్లర్లు బిగించానో లెక్క పెట్టుకోలేదు గానీ, దాని గుణాలూ లోపాలూ చేతికి బాగా తెలుసు.

ముందు ఒక మాట. ప్రొపెల్లర్‌ని తిప్పేది బోల్టులే అని కొత్తగా వచ్చిన పిల్లలు అనుకుంటారు. నిజానికి ఎక్కువ భారం మోసేది బిగింపు. ప్రొపెల్లర్ నడిమి భాగమైన హబ్ ముఖం, దాన్ని తగిలించే ఇంజన్ ఫ్లాంజ్ (షాఫ్ట్ చివరి పళ్లెం) ముఖం ఒకదాన్నొకటి గట్టిగా అదుముకుని ఉంటే ఆ పట్టు మీదే ప్రొపెల్లర్ తిరుగుతుంది. బిగింపు తగ్గితే పిస్టన్ కొట్టే ప్రతి దెబ్బా బోల్టు మీద పడుతుంది. రెండు ముఖాలూ సన్నగా రాసుకుని నల్లటి, తుప్పు రంగు మరకలు వస్తాయి, రంధ్రాలు కోలగా అరుగుతాయి, చివరికి బోల్టు అలసి పగులుతుంది. అలాగని బలంకొద్దీ బిగిస్తే బోల్టు సాగిపోతుంది. అందుకే ఆ ఆరు బోల్టుల దగ్గర మామూలు పానాతో అంచనాగా బిగించడం అనే మాటే ఉండకూడదు.

రెంచ్ సంగతికొస్తే, క్లిక్ స్పష్టంగా ఉంటుంది. పక్కన ఇంకో ఇంజన్ రన్ చేస్తుంటే చప్పుడు వినపడదు, కానీ పిడి చిన్నగా విరిగినట్టు అరచేతికి తెలుస్తుంది. నెమ్మదిగా, ఒకే ఊపున లాగాలి. ఒక్క క్లిక్ చాలు. మూడుసార్లు టకటకలాడిస్తే ప్రతిసారీ కాస్త ఎక్కువ బిగుస్తుంది. స్కేలు మీద అంకెలు మాత్రం మరీ చిన్నవి, ట్యూబ్‌లైట్ వెలుగులో నా కళ్లకి కష్టమే. పని అయ్యాక ప్రతిసారీ కనిష్ఠ అంకెకి దించి పెట్టెలో పెడతాను. బోల్టులు విప్పడానికి దీన్ని ఒక్కసారి కూడా వాడలేదు. ఏటా బాలానగర్‌లో కాలిబ్రేషన్‌కి, అంటే అంకె సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్షకి, ఇస్తాను. ఐఎస్ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ రకానికి ప్లస్ ఆర్ మైనస్ 4 శాతం దాకా తేడా ఉండొచ్చు. ఒక్క ఏడాది తప్ప ఎప్పుడూ ఆ హద్దు దాటలేదు.

ఆ ఒక్క ఏడాది సంగతి చెప్పాలి. మే నెల, హ్యాంగర్ బయట నేల కాలిపోతోంది. మధ్యాహ్నం ఒక 152కి ప్రొపెల్లర్ బిగిస్తున్నాను. క్లిక్ వచ్చింది గానీ చెయ్యి ఒప్పుకోలేదు, ఇంకా కొంచెం బరువు రావాలి అనిపించింది. రెండో బోల్టుకీ అంతే. అడిగితే మా దగ్గర పని నేర్చుకుంటున్న అబ్బాయి మొహం వాడిపోయింది. "అన్నా, నిన్న ట్రాలీ మీంచి కింద పడ్డది. ఏం కాలేదనుకుని పెట్టెలో పెట్టేసిన" అన్నాడు. పైకి చిన్న గీత కూడా లేదు. నా దగ్గర పాత బీమ్ టైప్ రెంచ్ ఒకటి ఉంది, ముల్లు చూపించే రకం. రెండిటినీ ఒక సాకెట్‌తో కలిపి, బీమ్ రెంచ్‌ని వైస్‌లో బిగించి క్లిక్ రెంచ్‌ని లాగాను. 60 దగ్గర పెడితే ముల్లు 52 దగ్గరున్నప్పుడే క్లిక్ వచ్చేసింది.

అదే రెంచ్‌తో పొద్దున ఇంకో విమానం బిగించాను. అది అప్పటికే రెండు సార్టీలు, అంటే రెండుసార్లు, ఎగిరి వచ్చింది. ఆ గంటసేపు నాకున్న టెన్షన్ మాటల్లో చెప్పలేను. సాయంత్రం ఫ్లయింగ్ ఆపించాం, లాక్ వైర్లు (బోల్టులు వదులవకుండా కట్టే తీగలు) కోశాం, ప్రొపెల్లర్ దించి రెండు ముఖాలూ చూశాం. మరకలు లేవు, రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయి. వేరే కాలిబ్రేటెడ్ రెంచ్‌తో రెండు విమానాలూ మళ్లీ బిగించాం. నిజం చెప్పినందుకు ఆ అబ్బాయిని నేను ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి కింద పడిన రెంచ్‌కి ఎర్ర ట్యాగ్ కట్టి పక్కన పెట్టడం మా దగ్గర రూలు. జాబ్ కార్డు మీద రెంచ్ నంబరు, కాలిబ్రేషన్ గడువు రాయడం ముందు నుంచీ ఉన్నదే. ఆ నంబరు ఉండబట్టే ఏయే విమానాలు చూడాలో ఐదు నిమిషాల్లో తేలింది.

ఇంకో విషయం నూనె. మనం పెట్టే టార్క్‌లో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, బోల్టుని సాగదీసి పట్టు ఇచ్చేది మిగిలిన పదో వంతే. పొడిగా బిగించమని మాన్యువల్ చెప్పిన చోట నూనె రాస్తే రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది. రెంచ్ మాత్రం ఎప్పటిలాగే క్లిక్ అంటుంది. ఒకసారి తుప్పు పట్టకుండా ఉంటుందని ఎవరో మంచి ఉద్దేశంతోనే బోల్టులకి నూనె పూశారు. క్లిక్ వచ్చేలోపు రెంచ్ మెత్తగా, మామూలు కంటే చాలా దూరం తిరగడంతో తెలిసింది. ఆరూ తీసి కొత్తవి వేశాం. రాయమన్న చోట రాయాలి, అదీ వాళ్లు చెప్పిన లూబ్రికెంటే. అంకె పక్కన డ్రై అని ఉందో వెట్ అని ఉందో చూడకుండా అంకె ఒక్కటే చదవొద్దు.

కొన్ని ప్రొపెల్లర్లకి నట్లు ఫ్లాంజ్ వెనక ఉంటాయి, సాకెట్ దూరదు, అడాప్టర్ తగిలించాలి. అడాప్టర్ రెంచ్‌కి తిన్నగా ముందుకి ఉంటే పొడవు పెరుగుతుంది, కాబట్టి సెట్టింగ్ తగ్గించాలి. రెంచ్ పొడవు 18 అంగుళాలు, అడాప్టర్ 2 అంగుళాలు, కావాల్సింది 60 అనుకోండి. 60ని 18తో గుణించి 20తో భాగిస్తే 54. రెంచ్‌ని 54 దగ్గర పెట్టాలి. మర్చిపోయి 60 దగ్గరే ఉంచితే నట్టు మీద దాదాపు 67 పడుతుంది. అడాప్టర్‌ని అడ్డంగా, 90 డిగ్రీల్లో పెడితే ఈ లెక్కతో పని లేదు, నేను వీలైనంతవరకు అలాగే పెడతాను.

చెక్క ప్రొపెల్లర్ సంగతి పూర్తిగా వేరు. నాదర్‌గుల్‌లో ఒక మైక్రోలైట్‌కి కొన్నాళ్లు చూశాను. వానాకాలం చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, మన ఎండాకాలానికి ఆరి కుంచించుకుపోతుంది. జులైలో సరిగ్గా ఉన్న బిగింపు మార్చికి వదులవుతుంది. కాలం మారినప్పుడల్లా చూడాల్సిందే. అక్కడ అంకెలు చిన్నవి, ఈ పెద్ద రెంచ్ పనికిరాదు. గరిష్ఠ అంకెలో ఐదో వంతు కంటే కింద దీన్ని నమ్మకూడదు.

బిగించే ముందు మాగ్నెటో (ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చేది) స్విచ్ ఆఫ్, తాళం జేబులో, చక్రాలకి చోక్స్ (కదలకుండా అడ్డం పెట్టే దిమ్మలు). బోల్టులు ఎదురెదురుగా, ముందు సగం టార్క్‌కి, తర్వాత పూర్తిగా. లాక్ వైర్ వేసేముందు బ్లేడ్ల ట్రాక్, అంటే రెండు కొసలూ ఒకే దారిలో తిరుగుతున్నాయో లేదో, చూస్తాను. 152 ప్రొపెల్లర్ 69 అంగుళాలు, రెండు కొసల మధ్య తేడా అంగుళంలో 16వ వంతు దాటకూడదు. వైర్ లాగే దిశ ఎప్పుడూ బోల్టు బిగిసే వైపే. టార్క్ అంకె మాత్రం మీ ప్రొపెల్లర్ మాన్యువల్‌లోంచే తీసుకోండి, పక్క విమానానిది వాడకండి.

మళ్లీ కొనాల్సి వస్తే ఈ రకమే కొంటాను, కాకపోతే 100 దాకా ఉన్నది. గీతల మధ్య ఎడం ఎక్కువుంటుంది, చదవడం తేలిక. దాంతోపాటు ఒక బీమ్ రెంచ్ కూడా తీసుకోండి. దాంట్లో స్ప్రింగ్ లేదు, సెట్టింగ్ లేదు, ముల్లు సున్నా దగ్గర ఉందో లేదో కంటికే కనబడుతుంది. నాది ఇప్పటికీ వైస్ పక్కనే మేకుకి వేలాడుతోంది.